జిమ్మీ వాలెంటైన్‌ని బెన్ ప్రైస్ వదిలేయడం కరెక్టేనా? ఓ.హెన్రీ కథ మీద మీ మాట చెప్పండి

గోదారిగట్టు
నమస్తే అందరికీ. మా అపార్ట్‌మెంట్‌లో కొంతమందిమి కలిసి కథలు చదువుకుంటూ ఉంటాం, మొన్న ఓ.హెన్రీ రాసిన ‘ఎ రిట్రీవ్డ్ రిఫర్మేషన్’ చదివాం. ఆ పేరు కంటే జిమ్మీ వాలెంటైన్ కథ అంటేనే ఎక్కువమందికి తెలుస్తుంది అనుకుంటా. చదవడానికి పావుగంట పట్టింది, కొట్టుకోవడానికి సాయంత్రం అంతా సరిపోలేదు. సగం మంది డిటెక్టివ్ బెన్ ప్రైస్ చేసింది దేవుడు చేసే పని అన్నారు, మిగతావాళ్ళు డ్యూటీ ఎగ్గొట్టాడు అన్నారు. ఒక పెద్దాయనైతే "అసలు వాడు మారాడని ఎవడన్నాడయ్యా, పిల్ల నచ్చింది అంతే" అని కుర్చీ వెనక్కి నెట్టి లేచి వెళ్ళిపోయారు.

కథ మర్చిపోయినవాళ్ళకి. జిమ్మీ ఇనప్పెట్టెలు తెరిచే దొంగ, ఆ పనిలో మొనగాడు. నాలుగేళ్ళ శిక్ష పడితే పది నెలలు తిరక్కుండానే గవర్నర్ క్షమాభిక్షతో బయటికొస్తాడు. వచ్చిన వారానికే రిచ్‌మండ్‌లో ఒక పెట్టె, తర్వాత లోగన్స్‌పోర్ట్‌లో ఒకటి, ఆ తర్వాత జెఫర్సన్ సిటీలో బ్యాంకు. ఆ పైన ఆర్కన్సాలో ఎల్మోర్ అనే చిన్న ఊళ్ళో పనిముట్ల పెట్టెతో దిగుతాడు. అక్కడ బ్యాంకు ఓనరు కూతురు అనబెల్ కనిపిస్తుంది. అంతే, హోటల్ రిజిస్టర్‌లో రాల్ఫ్ డి. స్పెన్సర్ అని రాసి, బూట్ల షాపు పెట్టి, ఏడాదిలో ఊరంతా మంచివాడు అనేలా అయిపోతాడు, ఆ అమ్మాయితోనే పెళ్ళి కుదురుతుంది. ఇంకో రెండు వారాల్లో పెళ్ళి అనగా ఆ పనిముట్లు పాత స్నేహితుడికి ఇచ్చేసి వద్దామని పెట్టె పట్టుకుని బయల్దేరతాడు. దారిలో అందరూ కలిసి మామగారి బ్యాంకులో కొత్త వాల్ట్, అంటే డబ్బు దాచే ఉక్కు గది, చూడ్డానికి ఆగుతారు. అనబెల్ అక్కకి ఇద్దరు ఆడపిల్లలు, తొమ్మిదేళ్ళ మే ఆటకి ఐదేళ్ళ అగాథాని లోపల పెట్టి తలుపేసేస్తుంది. తలుపు తాళంలో ఉండే గడియారానికి కీ ఇవ్వలేదు, తెరిచే అంకెల కాంబినేషన్ సెట్ చెయ్యలేదు, తలుపు తెరిచే మనిషి దగ్గర్లో ఎవడూ లేడు. లోపల గాలి ఆడదు, పిల్ల చీకట్లో అరుస్తోంది. అప్పుడు జిమ్మీ అందరి ముందూ పెట్టె విప్పి పది నిమిషాల్లో తలుపు తెరుస్తాడు. కోటు వేసుకుని బయటికి నడిస్తే గుమ్మంలో, అతన్ని పట్టుకోడానికి వచ్చిన డిటెక్టివ్ బెన్ ప్రైస్.

నా ప్రశ్న ఇదే. మనిషి తనంతట తానే వచ్చి "వచ్చావా బెన్, పద పోదాం" అన్నాడు. బెన్ ఏమో "మీరెవరో నాకు తెలీదు మిస్టర్ స్పెన్సర్, మీ బగ్గీ మీకోసం ఆగినట్టుందే" అనేసి వీధి వెంట నడుచుకుంటూ పోయాడు. మీరైతే ఏం చేసేవాళ్ళు?

పుస్తకాలసంచి
వదిలేసేదాన్నే. ఇందులో ఆలోచించడానికి ఏముందండీ, పసిపిల్ల ప్రాణం.

ఓరుగల్లుపోరడు
నేనైతే ఇడ్వను అక్కా. జర లెక్క చూడుండ్రి. రిచ్‌మండ్‌ల 800 డాలర్లు, లోగన్స్‌పోర్ట్‌ల 1500, జెఫర్సన్ సిటీ బ్యాంకుల 5000. అన్ని కలిపి 7300. కథ అచ్చయింది 1903ల, అప్పటి 7300 డాలర్లంటే మాటలా. గా పైసలు వాపస్ ఇచ్చిండా? కథల యాడన్నా ఉన్నదా? లేదు. మరి ఎల్మోర్‌ల బూట్ల దుకాణం పెట్టనీకి పెట్టుబడి ఏడికెల్లి వచ్చింది? జైలు కాడ ఆయన చేతిల పెట్టింది రైలు టికెట్, ఐదు డాలర్ల నోటు. గా ఐదు డాలర్లల్ల కోడికూర తిన్నడు, వైన్ తాగిండు, వార్డెన్ ఇచ్చినదానికంటే మంచి సిగార్ కాల్చిండు, రైల్వే స్టేషన్ కాడ కండ్లు కనవడని ముసలాయన టోపీల పావు డాలరు ఏసిండు. మిగిలిన చిల్లరతోని దుకాణం పెట్టిండంటరా?
దొంగసొమ్ముతోని దుకాణం పెట్టి, నిజాయితీగ యాపారం చేసిండంటే మారినట్టా? మీరే చెప్పుండ్రి.

పుస్తకాలసంచి
అమ్మో, చిల్లర లెక్కలు కూడా వేసేశారు మీరు 😀

గోదారిగట్టు
ఓరుగల్లు గారూ, పెట్టుబడి సంగతి మా మీటింగ్‌లో ఒక్కరూ అడగలేదు. నిజంగానే కథలో ఎక్కడా లేదు, బూట్ల షాపు పెట్టి మంచి బేరం చేశాడు అని ఒక్క వాక్యంలో దాటేశాడు ఓ.హెన్రీ. కానీ బూట్లే ఎందుకు అన్నదానికి మొదటి పేజీలోనే జవాబుంది చూడండి, కథ మొదలయ్యేదే జైలు బూట్ల వర్క్‌షాపులో, బూట్ల పైభాగాలు (అప్పర్లు) కుడుతుంటాడు. జైల్లో నేర్చుకున్న పనే బయట తిండి పెట్టింది. ఎల్మోర్ హోటల్లో గుమస్తాని "ఈ ఊళ్ళో బూట్ల వ్యాపారం ఎలా ఉంది" అని అడిగేటప్పటికి ఆ విద్య చేతిలో ఉంది.

ఆస్టిన్‌రావు
నేను టెక్సాస్‌లో ఆస్టిన్‌లో ఉంటాను, ఇక్కడ ఓ.హెన్రీ అద్దెకున్న ఇల్లు మ్యూజియం చేసి ఉంచారు, ఊరి మధ్యలో చిన్న పాత ఇల్లు, చుట్టూ పెద్ద పెద్ద బిల్డింగులు. మే నెలలో అక్కడే మాటల గారడీ పోటీ కూడా పెడతారు, 1978 నుంచి నడుస్తోంది, జనం వచ్చి స్టేజి ఎక్కి శ్లేషలు విసురుకుంటారు, మన అవధానాలు చూసినవాడికి పెద్ద ఆశ్చర్యం వెయ్యదు కానీ సరదాగా ఉంటుంది. సరే అసలు విషయానికొస్తా.

పెట్టుబడి గురించి ఓరుగల్లు గారు అడిగారు కదా, ఆ డబ్బు లెక్క రాసినవాడి జీవితంలోనే ఉంది. ఓ.హెన్రీ అసలు పేరు విలియం సిడ్నీ పోర్టర్, 1862లో నార్త్ కరోలినాలో పుట్టాడు. ఆస్టిన్‌లో ఫస్ట్ నేషనల్ బ్యాంకులో 1891 నుంచి 1894 దాకా టెల్లర్‌గా చేశాడు. ఆ బ్యాంకులో లెక్కలు చాలా వదులుగా ఉండేవట, డైరెక్టర్లే వచ్చి చీటీ కూడా రాయకుండా డబ్బు తీసుకెళ్ళేవాళ్ళని చెబుతారు. ఆడిటర్లు వచ్చి చూస్తే తేడా. ఉద్యోగం పోయింది, 1896లో కేసు పెట్టారు. విచారణకి వెళ్ళాల్సినవాడు దారిలో రైలు మారిపోయి న్యూ ఓర్లీన్స్, అక్కడ్నుంచి హోండూరస్ పారిపోయాడు. భార్య అథోల్‌కి క్షయ, చావుబతుకుల్లో ఉందని తెలిసి 1897లో తిరిగొచ్చేశాడు, దొరుకుతానని తెలిసే వచ్చాడు. ఆవిడ ఆ జులైలో పోయింది. 1898లో 854 డాలర్ల కేసులో ఐదేళ్ళ శిక్ష వేసి ఒహాయోలో కొలంబస్ జైలుకి పంపారు. అక్కడ ఆయన పేరు 30664. మందుల షాపు పని ముందే వచ్చు కాబట్టి జైలు ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ ఇచ్చారు, రాత్రుళ్ళు కథలు రాసుకునేవాడు. సత్ప్రవర్తన కింద మూడేళ్ళ చిల్లరకి 1901 జులైలో వదిలారు. కూతురు మార్గరెట్‌కి నాన్న పని మీద ఊరెళ్ళాడు అని చెప్పి నెట్టుకొచ్చారు.

డబ్బు నిజంగా తీశాడా లేదా అని ఇప్పటికీ వాదనలు నడుస్తూనే ఉన్నాయి, కోర్టులో ఆయన తన తరఫున పెద్దగా నోరు విప్పనేలేదు. నేను చెప్పేది ఏంటంటే కథలో గుమస్తా "వాలెంటైన్, 9762, గవర్నర్ క్షమాభిక్ష" అని పుస్తకంలో ఎక్కించే చోటు ఊహించి రాసింది కాదు. విడుదలప్పుడు జైలువాళ్ళు ఇచ్చే ఆ రెడీమేడ్ సూటూ, కిర్రుకిర్రుమనే బూట్లూ కూడా. బయటికొచ్చాక పేరు మార్చుకుని, జైలు సంగతి ఎవరికీ చెప్పకుండా న్యూయార్క్‌లో బతికిన మనిషి ఆయన. రాల్ఫ్ స్పెన్సర్ ఎవరో ఇంకా చెప్పాలా.

ఓరుగల్లుపోరడు
గదే నేననేది రావుగారు. రాసినాయన గూడ బ్యాంకు కేసులనే పోయిండు గాబట్టి దొంగకు వకాల్తా పుచ్చుకున్నడు.

కోర్టుపక్షి
వకాల్తా అన్నారు కాబట్టి వృత్తిరీత్యా దూరుతున్నాను. 🙏 ఒక సంగతి ఎవరూ చూడట్లేదు. బెన్ "తెలీదు" అన్నంత మాత్రాన నేరం మాఫీ అయిపోదు. రిచ్‌మండ్, లోగన్స్‌పోర్ట్ రెండూ ఇండియానాలో, జెఫర్సన్ సిటీ మిస్సోరీలో. మనిషి ఆర్కన్సాలో ఉన్నాడు. ఆ దేశంలో ఒక రాష్ట్రం నేరస్తుణ్ణి ఇంకో రాష్ట్రం నుంచి తెచ్చుకోవాలంటే గవర్నర్ల మధ్య కాగితాలు నడవాలి, అది వాళ్ళ రాజ్యాంగంలోనే ఉంది. అంటే బెన్ చేతులు దులుపుకున్నా ఆ రెండు రాష్ట్రాల ఫైళ్ళు తెరిచే ఉంటాయి. రేపు ఇంకో డిటెక్టివ్ రావచ్చు. క్షమాభిక్ష పెట్టే అధికారం గవర్నర్‌ది, బెన్‌ది కాదు. ఆయన ఇచ్చింది ఆ పూటకి టైము, అంతే. దాన్ని క్షమ అనుకుని మురిసిపోతున్నాం.

ఇంకోటి, మొదటిసారి గవర్నర్ ఇచ్చిన క్షమాభిక్ష సంగతి చూడండి. జిమ్మీకి బయట అంతమంది స్నేహితులు, మూడు నెలల్లో బయటపడతాననుకున్నాడు, పది నెలలు పట్టినందుకు విసుక్కున్నాడు. కాగితం అందుకునేటప్పుడు మొహంలో సంతోషం కూడా లేదు. వార్డెన్ "ఇకనైనా పెట్టెలు పగలగొట్టడం మాని బుద్ధిగా బతుకు" అంటే "నేనా? నా జన్మలో ఒక్కటి కూడా పగలగొట్టలేదు" అంటాడు! సంతకం పెట్టిన క్షమాభిక్ష వాణ్ణి పిసరంత మార్చలేదు.

సీమపిల్ల
కోర్టుపక్షి అన్నా, ఆ వార్డెన్ సీను నాకు భలే ఇష్టం. మరి స్ప్రింగ్‌ఫీల్డ్ కేసులో నువ్వెట్లా ఇరుక్కున్యావు, ఎవరో పెద్దింటామె పరువు పోతాదని ఆ పొద్దు ఎక్కడున్యావో చెప్పలేదా ఏమి, అని ఎగతాళి చేస్తాడు సూడు. ఎవరికి ఎవరూ అబద్ధం దాచుకునేది లేదు, అందరూ నవ్వుకుంటా ఆడే నాటకం అది.

ఆస్టిన్‌రావు
స్నేహితులుంటే పది నెలలు అన్నారు కదా కోర్టుపక్షి గారు. స్నేహితులు లేకపోతే ఎంతో కూడా చెప్తాను, నాకు ఈ కథలో అన్నిటికంటే పట్టుకున్న సంగతి ఇదే.

కొలంబస్ జైల్లో ఓ.హెన్రీతో పాటు ఆల్ జెన్నింగ్స్ అని ఒక రైలు దొంగ ఉండేవాడు. హోండూరస్‌లోనే పరిచయమట. ఈయన తర్వాత విడుదలై, 1914లో ఓక్లహోమా గవర్నర్ పదవికి పార్టీ టికెట్ కోసం పోటీ చేసి ఓడిపోయాడు, మూకీ సినిమాల్లో కూడా వేశాడు, మామూలు ఘటం కాదు. 1921లో ఓ.హెన్రీ మీద పుస్తకం రాశాడు. ఆయన చెప్పేవాటిల్లో కోతలు ఎక్కువ అని పేరు, అది మనసులో పెట్టుకునే వినండి. జైల్లో డిక్ ప్రైస్ అని ఒక ఖైదీ ఉండేవాడట. చిన్నప్పట్నుంచీ జైళ్ళలోనే పెరిగిన మనిషి, బయట ముసలి తల్లి తప్ప దిక్కులేదు. ఆ ఊళ్ళో దివాలా తీసిన ఒక పత్రికా కంపెనీ పెట్టె తెరవాల్సి వచ్చింది, కోర్టుకి కావాల్సిన కాగితాలు అందులో ఉన్నాయి, ఎవరివల్లా కాలేదు. డిక్‌ని అడిగారు, తెరిస్తే క్షమాభిక్ష ఇప్పిస్తాం అన్నారు. ఆయన తన గోళ్ళని ఆకురాయితో కండ కనబడేదాకా అరగదీసుకుని, ఆ పచ్చి వేళ్ళు డయల్ మీద పెట్టి, తాళం లోపల టంబ్లర్ (కదిలే బిళ్ళ) పడుతున్నప్పుడు వచ్చే సన్నటి అదురుని పట్టుకుని సెకన్లలో తెరిచేశాడట. క్షమాభిక్ష రాలేదు. గవర్నర్ కుదరదన్నాడు. డిక్ ప్రైస్ క్షయతో జైల్లోనే పోయాడు.

ఓ.హెన్రీ ఈ ఉదంతాన్నే జిమ్మీ వాలెంటైన్ చేశాడని జెన్నింగ్స్ రాశాడు. ఇప్పుడు కథలో డిటెక్టివ్ ఇంటిపేరు చూడండి. ప్రైస్! పెట్టె తెరిచినా విడుదల దొరకని ఖైదీ ఇంటిపేరు తీసుకెళ్ళి, పెట్టె తెరిచినవాణ్ణి వదిలేసే డిటెక్టివ్‌కి పెట్టాడు. కావాలని పెట్టాడో చేతికి తగిలిన పేరు రాశాడో ఆయనకే తెలియాలి, నేనైతే కావాలనే పెట్టాడంటాను.

పుస్తకాలసంచి
రావుగారూ ఒళ్ళు గగుర్పొడిచింది. గోళ్ళు అరగదీసుకోవడం చదువుతుంటే నా వేళ్ళు ముడుచుకుపోయాయి.

గోదారిగట్టు
అయితే ఓ.హెన్రీ అందులోంచి గోళ్ళు తీసేసి 900 డాలర్ల పనిముట్ల సెట్టు పెట్టాడన్నమాట. జైలు నుంచి రాగానే జిమ్మీ, మైక్ డోలన్ అనే అతని కేఫ్ పైన తన గదిలో గోడ చెక్క జరిపి దుమ్ము పట్టిన సూట్‌కేసు తీసి తృప్తిగా చూసుకుంటాడే, ప్రత్యేకంగా పదును పెట్టిన ఉక్కు, డ్రిల్లులు, పంచ్‌లు, క్లాంపులు, తను సొంతంగా కనిపెట్టినవి రెండు మూడు. ఆ గదిలోనే నేల మీద బెన్ ప్రైస్ కాలర్ బొత్తాం పడి ఉంటుంది, పది నెలల కింద జిమ్మీని అరెస్టు చేసినప్పటి పెనుగులాటలో తెగి పడింది. అంత చిన్న వస్తువుతో డిటెక్టివ్‌ని పరిచయం చేశాడు. అయినా నాకెందుకో డిక్ ప్రైస్ కథే రాసుంటే ఇంకా బాగుండేదేమో అనిపిస్తోంది ఇప్పుడు.

ఆస్టిన్‌రావు
రాస్తే 1903లో ఏ మ్యాగజైనూ వేసేది కాదేమోనండీ. కాస్మోపాలిటన్‌లో వచ్చింది ఈ కథ. జనానికి ఎంత నచ్చిందంటే 1910లో న్యూయార్క్‌లో నాటకంగా ఆడారు, అదే ఏడాది జూన్‌లో ఆయన పోయాడు. తర్వాత సినిమాలు కూడా వచ్చాయి.

లాకర్‌తాతయ్య
నేను బ్యాంకులో చేసి రిటైరయినవాణ్ణి, క్యాష్ సెక్షన్‌లోనే ఎక్కువ ఏళ్ళు. ఎవరూ తలుపు సంగతి మాట్లాడట్లేదు కాబట్టి నేను మాట్లాడతాను, విసుక్కోకండి.

కథలో ఆ తలుపుకి మూడు ఉక్కు బోల్టులు, ఒకే హ్యాండిల్‌తో పడతాయి, టైమ్ లాక్ ఉంది. ఈ టైమ్ లాక్ ఎందుకొచ్చిందో తెలుసా. అమెరికాలో దొంగలు పెట్టె బద్దలుకొట్టే కష్టం ఎందుకని రాత్రి క్యాషియర్ ఇంటికెళ్ళి పెళ్ళాం పిల్లల మీద తుపాకీ పెట్టి అతన్నే తీసుకొచ్చి తెరిపించేవాళ్ళు. అందుకని 1873లో జేమ్స్ సార్జంట్ అనే ఆయన గడియారం తాళం తయారుచేశాడు, పొద్దున ఫలానా టైము అయ్యేదాకా కాంబినేషన్ తెలిసిన మేనేజర్ వచ్చినా అది తెరుచుకోదు. అంటే మేనేజర్‌ని కాపాడ్డానికి పెట్టింది. ఆ తలుపే పిల్లని మింగింది, మేనేజర్ తెల్లబోయి చూస్తున్నాడు. ఓ.హెన్రీ బ్యాంకులో కూర్చున్నవాడు కాబట్టి ఇది రాయగలిగాడు, బయటివాడికి తట్టదు.

మా స్ట్రాంగ్ రూముకి ఇద్దరి దగ్గర తాళాలుండేవి, నాది ఒకటి హెడ్ క్యాషియర్‌ది ఒకటి, రెండూ పడితేనే తెరుచుకుంటుంది. సాయంత్రం మూసేముందు లోపలికి తల పెట్టి "ఎవరైనా ఉన్నారా" అని గట్టిగా అరిచేవాళ్ళం. కొత్తగా చేరిన కుర్రాళ్ళు నవ్వేవాళ్ళు. నేను నవ్వేవాణ్ణి కాదు.

పది నిమిషాల్లో డ్రిల్ చేసి తెరవడం అంటారా, కొత్త వాల్ట్ తలుపుకి అది కథల్లోనే. ఎల్మోర్ లాంటి చిన్న ఊరి బ్యాంకుకి వచ్చిన తలుపు ఏపాటిదో మరి. కంపెనీవాడు బ్యాంకు ఓనరు ఆడమ్స్‌కి గొప్పలు చెప్పి అంటగట్టి ఉంటాడు.

చీరాలచిన్నోడు
ఇంతసేపూ చదువుతూ ఊరుకున్నాను. మా ఊరికి పక్కనే స్టువర్టుపురం. ఈ కథ చదివినప్పుడల్లా నాకు అదే గుర్తొస్తుంది కానీ వేరే రకంగా. బ్రిటిష్ వాళ్ళు 1871లో ఒక చట్టం తెచ్చి కొన్ని కులాలకి కులాలనే పుట్టుకతో నేరస్తులని రాసేశారు, తర్వాత అది మద్రాసు ప్రెసిడెన్సీకీ వచ్చింది. 1913 ప్రాంతంలో బాపట్ల దగ్గర సాల్వేషన్ ఆర్మీ చేత ఎరుకలవాళ్ళకి సెటిల్‌మెంట్ పెట్టించారు, మద్రాసు ప్రభుత్వంలో ఉన్న హెరాల్డ్ స్టువర్ట్ పేరు ఊరికి పెట్టారు. హాజరు వేయించుకోవాలి, చెప్పకుండా ఊరు దాటకూడదు. చట్టం 1952లో పోయింది. పేరు పోలేదు.

జిమ్మీ ఏం చేశాడు, హోటల్ రిజిస్టర్‌లో వేరే పేరు రాశాడు, ఆ క్షణం నుంచీ కొత్త మనిషి. తెల్లగా, చూడ్డానికి కాలేజీ కుర్రాడిలా ఉంటే ఎవరూ ఏ ఊరని అడగలేదు. మా వైపు నేరం చెయ్యని కుర్రాడు కూడా ఉద్యోగానికెళ్ళి ఊరి పేరు చెప్పగానే ఎదుటివాడి మొహం మారిపోవడం నేను కళ్ళారా చూశాను. 1970లలో లవణం గారూ, జాషువా గారమ్మాయి హేమలతా లవణం గారూ అక్కడికొచ్చి ఏళ్ళ తరబడి పనిచేశారు, ఇళ్ళకెళ్ళి కూర్చుని మాట్లాడారు, పిల్లల్ని బళ్ళో వేయించారు, సంస్కార్ అని సంస్థ పెట్టారు. మనిషి తను మారితే సరిపోదు, పక్కూరివాడు నమ్మాలి, పోలీసు నమ్మాలి, పనిచ్చేవాడు నమ్మాలి. అదంతా ఒక్క బెన్ ప్రైస్‌తో అయ్యే పని కాదు.

ఓరుగల్లుపోరడు
ఇది మంచి మాట అన్నవ్ తమ్మీ. మావోడు జిమ్మీ పది నిమిషాల్ల గండం దాటిండు, ఊరికి ఊరు అరవై ఏండ్లయినా దాటలే.

నిర్వాహకులు
స్టువర్టుపురం మీద వచ్చిన సినిమాల గురించి ఇక్కడ మొదలుపెట్టొద్దని మనవి. రెండు పోస్టులు తీసేశాం. కథ మీదే ఉండండి.

సీమపిల్ల
సరే కథ మీదే. గోదారిగట్టు అక్కా, మీ మీటింగులో లేచిపోయిన పెద్దాయనకి నా మాటగా చెప్పు. పిల్ల కోసమే మారినాడు అన్యాడు కదా, అది నిజమే, మొదట్లో నిజమే. ఎల్మోర్ వీధిలో ఆ పిల్ల కండ్లలోకి చూసి తనెవరో మర్చిపోయినాడు, దొంగతనం మానేసినాడు, ఆమెకు తగినోడు కావాలని. స్నేహితుడికి రాసిన ఉత్తరంలో గూడా అదే అంటాడు, ఇంగ ఒకరి సొమ్ము కోటి ఇచ్చినా ముట్టను, ఆ పిల్ల నన్ను నమ్మింది అని. పెద్దాయన అడిగేది సరిగ్గా అక్కడ. రేపు ఆ పిల్ల లేకపోతే? మళ్ళా పెట్టె తీస్తాడా?

దానికి జవాబు వాల్ట్ కాడ వస్తాది. అనబెల్ "నువ్వేమన్నా చెయ్యలేవా రాల్ఫ్" అంటాది. పాపం ఆమెకేమీ తెలీదు, ఎంత పనైనా చేస్తాడనే నమ్మకం అంతే. వాడు వింతగా నవ్వి ఆమె గౌనుకి పెట్టుకున్న గులాబీ అడుగుతాడు. ఆమె తన చెవుల్ని తానే నమ్మలేక, పిన్ను తీసి ఇస్తాది. వాడు దాన్ని చొక్కా పైన తొడుక్కునే వెయిస్ట్‌కోటు జేబులో కుక్కుకుని, కోటిప్పి, చేతులు మడుచుకుని, "అందరూ తలుపు కాడ నుంచి తప్పుకోండి" అంటాడు. అంతవరకూ ఉండే మర్యాదంతా ఆ ఒక్క మాటతో పోతాది. పనిముట్లు వరసగా పరుస్తా, పని చేసేటప్పుడు ఎప్పుడూ ఈల వేసే అలవాటు కదా, అట్లే సన్నగా ఈల వేసుకుంటా.

ఆ పువ్వెందుకు అడిగినాడు? ఇంగ ఆమె తనకు దక్కదని వాడికి తెలిసిపోయింది. పది నిమిషాల్లో అందరికీ తెలిసిపోతాది, ఆమెకి, వాళ్ళ నాయనకి, వాళ్ళక్కకి. ఏ పిల్ల కోసం మారినాడో ఆ పిల్లనే వదులుకుని ఎవరిదో బిడ్డను బయటికి తీసినాడు. ఇంగ అది పిల్ల కోసం మారడం ఎట్లయితాది? బెన్ చూసింది అదే. ఆయన వచ్చింది పెట్టెలు తెరిచేవాణ్ణి పట్టుకోను. గుమ్మంలో నిలబడి చూసేసరికి ఈ మనిషి వేరే.

పుస్తకాలసంచి
👏👏 సీమపిల్ల గారూ ఇది మా అమ్మకి చదివి వినిపించాను.

కోర్టుపక్షి
వాదన బాగుంది, ఒప్పుకోను. అంతకుముందు చేసిన మూడు దొంగతనాలకి ఈ మంచిపని పరిహారం కాదు. శిక్ష తగ్గించమని అడగడానికి పనికొస్తుంది, కేసు మూసెయ్యడానికి కాదు. జెఫర్సన్ సిటీ బ్యాంకులో 5000 పోతే ఏ టెల్లర్ మెడకి చుట్టుకుందో ఎవరికి తెలుసు? ఆ టెల్లర్ ఇంట్లో కూడా ఒక మార్గరెట్ ఉండొచ్చు.

ఆస్టిన్‌రావు
కోర్టుపక్షి గారూ, గట్టి దెబ్బ కొట్టారు. ఓ.హెన్రీకి ఇది తట్టకుండా ఉంటుందా అంటే ఉండదు. తట్టీ వదిలేశాడు.

గోదారిగట్టు
మా గ్రూపులో వాళ్ళందరికీ ఈ పేజీ పంపించాను, పెద్దాయన చదివి "ఆ సీమ అమ్మాయి ఎవరు" అని అడిగారు, ఇంకేం అనలేదు. నాకు ఇంకో డౌటు మిగిలింది. బెన్ వెళ్ళిపోయాడు సరే. బ్యాంకులో ఉన్నవాళ్ళ సంగతేంటి? అందరూ కళ్ళప్పగించి చూశారు కదా. బూట్ల షాపు ఓనరు సూట్‌కేసులో అలాంటి సరంజామా ఎందుకుంది అని మామగారు అడగడా? బగ్గీ ఎక్కించేటప్పుడే బరువుగా ఉందేంటి, బంగారు ఇటుకలున్నాయా అని అనబెల్ అడిగితే, బూట్లు తొడుక్కునే నికెల్ చెంచాలు, కంపెనీకి వాపసు ఇస్తున్నా అని కోశాడు. నడిచి బయటికొచ్చేస్తుంటే వెనక దూరంగా "రాల్ఫ్" అని పిలిచినట్టు వినపడిందట, ఆగలేదు. అక్కడితో కథ అయిపోయింది.

సీమపిల్ల
ఆమె పిలిచింది రాల్ఫ్ అని కదా అక్కా. అంతా చూసినాక గూడా. ఆమె సంగతి నాకు బెంగలేదు, వాళ్ళ నాయన సంగతే చెప్పలేను.

లాకర్‌తాతయ్య
ఆడమ్స్ సంగతి నేను చెప్తాను. ఆయన నోరు విప్పడు. ఊరందరికీ చూపించి గొప్పలు చెప్పుకున్న కొత్త తలుపు అది. దాన్ని ఒక్క మనిషి సూట్‌కేసు సామాన్లతో పది నిమిషాల్లో తెరిచాడని బయటికి పొక్కితే మర్నాడు పొద్దున్నే డిపాజిటర్లు పాస్‌బుక్కులు పట్టుకుని వరస కడతారు. చిన్న ఊరి ప్రైవేటు బ్యాంకు, అందరూ ఒకేసారి డబ్బు అడిగే రన్ వస్తే రెండు రోజులు తట్టుకోదు. కాబట్టి మనవరాలు క్షేమం, తాళం లోపలే ఏదో పట్టేసింది, అల్లుడు చాకచక్యంగా తీశాడు అని చెప్పుకుంటాడు. తలుపు మరమ్మతు ఖర్చు మాత్రం కంపెనీ మీద వేస్తాడు, వారంటీలో ఉంది కదా.

ఓరుగల్లుపోరడు
తాతా, గట్లయితే అల్లుణ్ణి బ్యాంకుల సెక్యూరిటీ ఆఫీసర్‌గ పెట్టుకోమను. 7300 జీతంల కట్ చేస్కుంట వోతే అయిపోతది, నా కంప్లైంట్ గూడ తీరిపోతది.